గుమ్మం దగ్గర తీసిన ఉంగరం

ఫిబ్రవరి 4

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మరదలి మోకాళ్ళు బాగున్నాయి, నా ఆకలి బాగుంది, చిట్టి గొంతు మరీ బాగుంది. నిండా రెండు నెలలు లేని పిల్ల, ఆకలేసి ఏడిస్తే కింద వీధిలో పాలబండి అతను కూడా తలెత్తి చూస్తాడు. మా అమ్మాయి నిద్ర లేక కళ్ళు ఉబ్బించుకుని కూడా దాన్ని చూసి నవ్వుతూనే తిరుగుతోంది. నా కుర్చీ మీద ఇప్పుడు చిట్టి బట్టలు ఆరుతున్నాయి. నేను కిటికీ గట్టు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. తాతగారి హోదా అంటే ఇదే కాబోలు.

ఆ పేపరుతోనే వచ్చింది తంటా. కొన్నాళ్ళుగా అందులో ఒకటే గొడవ. పిల్లలకి వేసే టీకాల్లో మందు చెడిపోకుండా పాదరసంతో చేసిన పదార్థమేదో కలుపుతారట. ఒకాయన విషం అంటాడు, ఇంకొకాయన ఏం కాదంటాడు. రేడియోలో ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెడితే ఒకరి మాట ఒకరు సాగనివ్వలేదు. అల్లుడు ఎటూ చెప్పలేక నా వైపు చూశాడు. అమ్మాయి మాత్రం, "పాదరసం గురించి మా నాన్నకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? నాన్న ఎలా అంటే అలా" అని తేల్చేసింది.

నాకు తెలిసింది నీకూ తెలుసు. వయసంతా థర్మామీటర్ల వర్క్‌షాపులో పాదరసం నింపినవాణ్ణి. గుమ్మం దగ్గర మేకుకి ఒక రేకు డబ్బా వేలాడేది, ఉంగరాలూ గొలుసులూ అందులో వేసి లోపలికి వెళ్ళాలి. పాదరసం తగిలిందంటే బంగారం తెల్లబడిపోతుంది. పెళ్ళినాటి నా ఉంగరం నా వేలికన్నా ఆ డబ్బాలోనే ఎక్కువ కాపురం చేసిందని నీ మరదలు ఇప్పటికీ దెప్పుతుంది. ఉద్యోగం మానేసినా ఆ అలవాటు పోలేదు. బ్యాంకు గుమ్మం ఎక్కుతున్నా చెయ్యి దానంతట అదే ఉంగరం తీసేస్తుంది.

మా గాజు ఊదే పెద్దాయన గుర్తున్నాడా? వెంట్రుకంత సన్నని గొట్టం తీసే చేతులు. ఆఖరికి అవే అదిరిపోయి టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళలేకపోయేవాడు, మేమే పట్టుకుని తాగించేవాళ్ళం. అది చూసిన కళ్ళతో చిట్టి తొడలోకి పాదరసం ఎక్కించమని నేనెలా చెప్పను? వద్దన్నాను.

నువ్వు ఇన్నేళ్ళుగా ఎంతమంది పిల్లలకి సూదులు వేశావో లెక్కే లేదు కదా. అందులో ఇది ఉందని నీకు తెలుసా? తెలిసే వేశావా?

బావగారిని అడిగానని చెప్పు. జవాబు వెంటనే రాయి.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 10

ఒరేయ్ తమ్ముడూ,

"తెలిసే వేశావా" అన్నావు చూడు, అక్కడ ఉత్తరం మడిచి పక్కన పడేశాను. మీ బావ మళ్ళీ తెచ్చి చేతికిచ్చి, "వాడు భయపడుతున్నాడు, నిన్ను తిట్టడం లేదు" అన్నారు. తిట్టినట్టే ఉంది నాకు. ఫోన్ చేద్దామనుకుని మానేశాను. ఫోన్లో మనిద్దరం ఓ రెండు మాటలు మంచిగా మాట్లాడుకుని మూడో మాటకి అరుచుకుంటాం. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

తెలుసురా. తెలిసే వేశాను. నా ఇద్దరు పిల్లలకీ వేయించాను.

ఎందుకు కలుపుతారో చెప్తాను విను. మా దగ్గరికి వచ్చే సీసాలో ఒక్కరికి సరిపడా కాదు, చాలామందికి సరిపోయే మందు ఉంటుంది. ఒక్కో బిడ్డకీ కొత్త సూది తీసుకుంటాను, కానీ సీసా మూతలోంచి ప్రతిసారీ ఒక సూది లోపలికి వెళ్ళి రావాల్సిందే. ఎంత శుభ్రంగా ఉన్నా ఏదో ఒకసారి కంటికి కనబడని క్రిమి ఒకటి దూరితే, తర్వాతి పిల్లలందరి ఒంట్లోకీ అదే వెళ్తుంది. పూర్వం ఇది కలపని రోజుల్లో అలా పిల్లలు పోయారని మాకు చదువులోనే చెప్పారు. ఆ క్రిమిని చంపడానికే ఇది.

ఇక పాదరసం అంటే ఒకే రకం కాదు. మీ వర్క్‌షాపులోది ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోయేది, అదీ ఏళ్ళ తరబడి, మూసిన గదిలో. పెద్ద పెద్ద సముద్రపు చేపల్లో ఉండేది ఇంకో రకం, అది ఒంట్లో చాలాకాలం తిష్ఠ వేస్తుంది. టీకాలోది మూడో రకం, అదీ అతి కొంచెం, త్వరగానే ఒంట్లోంచి బయటికి పోతుంది. కొన్ని దేశాల్లో పిల్లల టీకాల్లోంచి దీన్ని ముందుజాగ్రత్తగా తీసేశారు. తర్వాత లక్షలమంది పిల్లల్ని పరీక్షించి చూశారు. అది వేసుకున్నవాళ్ళకీ వేసుకోనివాళ్ళకీ తేడా ఏమీ కనబడలేదు.

చిట్టికి మొదటి టీకా ఇప్పటికే పడి ఉండాల్సింది. ఆలస్యం చెయ్యకు. అందులో కోరింత దగ్గుకి కూడా మందు ఉంది, ఆ వయసు పిల్లలకి అది మాటలు కాదు.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు నువ్విచ్చిన థర్మామీటర్ మా టీకాల ఫ్రిజ్‌లో ఇంకా వేలాడుతోంది. అంకెలు చూపించే కొత్త యంత్రం ఇచ్చారు, అయినా రోజూ పొద్దున నీదీ చూస్తాను. రెండూ ఎప్పుడూ ఒకే మాట చెప్తాయి. నీ చేతులెలా ఉన్నాయి? నిజం రాయి.

మా కోడలిపిల్లకి మేనత్త ముద్దులు, చిట్టికి ఇంకా ఎక్కువ.

అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

నా చేతులు బాగున్నాయి. సూదిలో దారం నేనే ఎక్కించి నీ మరదలికి ఇస్తున్నాను. ఇంట్లో మిగతావే బాగాలేవు, అదీ నీ ఉత్తరం పుణ్యమే.

నువ్వు చేపల మాట రాశావు కదా, అది గట్టిగా చదవడం నా బుద్ధితక్కువ. నీ మరదలు వండిన చేపల కూర గిన్నెతో సహా తీసుకెళ్ళి మెట్ల కింద పిల్లికి పెట్టేసింది. "పెద్ద చేపలు అని రాసింది, ఇవి వేలెడు లేవు" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. అప్పట్నించీ రోజూ వంకాయే. పిల్లి మాత్రం నిన్ను తలుచుకుంటూ ఉండాలి.

సరే, అసలు సంగతి. నువ్వే రాశావు, కొన్ని దేశాల్లో తీసేశారని. ఊరికే ఎవరైనా తీసేస్తారా? ఏదో ఉంటేనే కదా తీసేది! నీ ఉత్తరం అంతట్లో అమ్మాయికి ఆ ఒక్క ముక్కే పట్టుకుంది. నాకూ అంతే. ఇప్పటికే పడి ఉండాల్సింది అని నువ్వు రాసిన మాట అమ్మాయికి తగిలి, సాయంత్రం దాకా చిట్టిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. పిల్ల మీద దానికి ప్రేమ లేకనా?

నేనూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. మెయిన్ రోడ్డు మీద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. ఒక్కరికే సరిపోయే చిన్న సీసాలు ఉంటాయట, వాటిలో పాదరసం ఉండదట. అవి అయిపోయాయి, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదు, వస్తే కబురు చేస్తామన్నారు. అందాకా ఆగుదామని నిర్ణయించాం. కాస్త ఆగితే మునిగిపోయేదేముంది?

చిట్టి నవ్వడం మొదలుపెట్టింది. మేడమీద వాటాలో ఉండే దర్జీ రోజూ సాయంత్రం వచ్చి దాన్ని కాసేపు ఎత్తుకుంటాడు, అతన్ని చూస్తే ఇంకా ఎక్కువ నవ్వుతుంది. పాపం అతనికి జలుబు చేసి దగ్గు పట్టుకుంది, ఎన్నాళ్ళకీ తగ్గడంలేదు. దగ్గడం మొదలుపెడితే మా పైకప్పు అదురుతుంది, ఆఖర్న కీచుమని గాలి పీలుస్తాడు, ఒక్కోసారి వాంతి కూడా. మిషను కుట్టే ధూళి అంటాడు. నీకు తెలిసిన కషాయమేదైనా ఉంటే రాయి, పాపం మంచివాడు.

తమ్ముడు


ఫిబ్రవరి 21

తమ్ముడూ,

ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను. ఫోన్ చేస్తే నీది పలకలేదు, ఛార్జింగ్ పెట్టడం నీకు ఏనాడు గుర్తుందిలే.

కషాయం కాదు. ఆ దర్జీని వెంటనే డాక్టరు దగ్గరికి పంపించు, నువ్వు కూడా వెళ్ళు. నువ్వు రాసిన కీచుమనే శబ్దం చదవగానే కలం తీశాను. అది కోరింత దగ్గు కావచ్చు. పెద్దవాళ్ళు దగ్గుకుంటూ తిరిగేస్తారు. చిట్టి వయసు పిల్లలకి ఒక్కోసారి దగ్గు కూడా రాదు, ఊపిరే ఆగిపోతుంది. అతను చిట్టిని ఎత్తుకోకూడదు, గదిలోకి కూడా రాకూడదు. మంచివాడు కాబట్టి చెప్తే అర్థం చేసుకుంటాడు. డాక్టరుకి ఇంట్లో టీకా పడని పసిపిల్ల ఉందని తప్పకుండా చెప్పండి.

మా కోడలిపిల్లని నొప్పించానని రాశావు. నేను తిట్టింది నిన్ను, దాన్ని కాదు. నేనే క్షమించమన్నానని చెప్పు.

ఇక తీసెయ్యడం గురించి. వంటింట్లో గ్యాస్ వాసన వచ్చిందని ఎవరైనా అంటే ఏం చేస్తాం? ముందు పొయ్యి ఆపుతాం, తర్వాత వెతుకుతాం. వెతికి వెతికి లీకు లేదని తెలిశాక, పొయ్యి ఆపారు కాబట్టి లీకు ఉండే ఉంటుందని వాదిస్తే ఏమనాలి? వాళ్ళు చేసిందీ అంతే. వాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో సీసా కొనుక్కునే వీలుంది, తీసేశారు. మాలాంటి చోట్ల పెద్ద సీసా లేకపోతే సగం మంది పిల్లలకి టీకాయే అందదు.

ప్రైవేటు ఆసుపత్రిలో చిన్న సీసా దొరికితే అదే వేయించు, నాకేం అభ్యంతరం లేదు, అదీ మంచి మందే. కానీ దాని కోసం ఆగకు. నాకు చాలా భయంగా ఉందిరా.

అక్క


మార్చి 1

అక్కా,

నీ నోట పడితే తిరుగులేదు. దర్జీకి అదే జబ్బు, పరీక్షలో తేలింది. మందులు వాడుతున్నాడు, తగ్గుముఖం పట్టింది. చిట్టికి కూడా డాక్టరు ముందుజాగ్రత్తగా మందు ఇచ్చాడు. దానికి దగ్గు లేదు, తుమ్ము లేదు, ఏడుపు ఉంది. దర్జీ మెట్ల మీద నుంచే చెయ్యి ఊపి వెళ్ళిపోతున్నాడు, అది ఇక్కణ్ణించే నవ్వుతోంది. రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఇప్పుడు తేలిక పడ్డాం.

అసలు శుభవార్త వేరే ఉంది. టీకా వేయిస్తున్నాం! మార్చి 12న, మా పేట ఆరోగ్యకేంద్రంలో.

నీ వాదనలకి కరిగాననుకోకు. నా పద్ధతిలో నేనే తేల్చుకున్నాను. మొన్న ఆరోగ్యకేంద్రానికి వెళ్ళి, టీకాలు అయిపోయేదాకా బెంచీ మీద కూర్చున్నాను. నర్సమ్మని బతిమాలి, పారేసే సీసా అడుగున మిగిలిన చుక్క ఆవిడ బల్ల మీదే నా ఉంగరం మీద వేయించుకున్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది, చూడనీ. మా వర్క్‌షాపులో ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. ఆవగింజంత పాదరసం తగిలినా బంగారం తెల్లగా అయిపోతుంది. చాలాసేపు చూశాను. రుద్దాను. ఎండలో పెట్టాను. పసుపు పసుపుగానే ఉంది!

ఇంటికొచ్చి అమ్మాయికి చూపించాను, అల్లుడికి చూపించాను, మెట్ల మీదున్న దర్జీకి కూడా దూరం నుంచి చూపించాను. పాదరసం అని పేరే గానీ అందులో అసలు పాదరసం లేదక్కా. ఈ పేపరు వాళ్ళ గొడవంతా ఉత్తదే. నీకు ఇంత చదువు ఉండి ఈ చిన్న పరీక్ష తోచలేదు చూడు!

నీ మరదలు ఇవాళ చేపలు తెచ్చింది. వాటికీ ఉంగరం ఆనించి చూపిస్తే తప్ప పొయ్యి మీద పెట్టలేదు.

విజయుడైన నీ తమ్ముడు


మార్చి 6

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివేశాను. మీ బావకి గట్టిగా చదివి వినిపించాను. చేపలకి ఉంగరం ఆనించావన్న చోట ఆయన నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. చిట్టికి దగ్గు లేదన్న మాట రెండుసార్లు చదివించుకున్నారు.

ఇక్కడితో ఆపేసి "చాలా సంతోషం" అని సంతకం పెట్టి పోస్టులో వెయ్యాలి నేను. మీ బావ అదే అన్నారు. "వేయిస్తానన్నాడు కదా, ఇంకేం కావాలి నీకు? నోరు మూసుకో" అన్నారు. కలం మూత కూడా పెట్టేశాను. మళ్ళీ తీశాను.

నీ పరీక్ష తప్పురా.

మీ వర్క్‌షాపు పాదరసం విడిగా ఉండేది, అందుకే బంగారానికి అంటుకునేది. టీకాలోది వేరే వాటితో గట్టిగా కలిసిపోయి ఉంటుంది, ఉంగరానికి అంటుకోదు. దానికి తోడు అది చాలా తక్కువ. అందులో ఇంకా ఎన్నో రెట్లు కలిపినా నీ ఉంగరం పచ్చగానే మెరుస్తుంది. ఉంగరం తెల్లబడలేదు కాబట్టి అందులో ఏం లేదని నువ్వు అమ్మాయికి చెప్పావు. ఉంది. టీకాలో పాదరసం ఉంది. అది ఉన్నా పిల్లకి ప్రమాదం లేదని నేను చెప్తున్నాను. ఆ రెండు మాటలూ ఒకటి కాదు.

చిట్టికి ఈ ఒక్క సూదితో అయిపోదు, ఇంకా ఉన్నాయి. రేపు ఎవరో వచ్చి, "మీ ఉంగరం అబద్ధం చెప్పిందండీ, అందులో పాదరసం ఉంది" అంటే నీ కాళ్ళ కింద నేల ఉండదు. అప్పుడు ఉంగరాన్నీ నమ్మవు, నన్నూ నమ్మవు.

ఇది చదివి నువ్వు మళ్ళీ వద్దంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. అయినా నీ చేత పొరపాటు మీద సంతకం పెట్టించలేను.

అక్క


మార్చి 9

తమ్ముడూ,

ఆ ఉత్తరం డబ్బాలో వేసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. నిన్న పనిలో ఒకే పాప బరువు రెండుసార్లు చూశాను. మీ బావ నాతో మాట్లాడటం తగ్గించారు. ఫోన్ తీసి నీ నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. నువ్వు వద్దంటావేమోనని భయం.

రాసిందాన్ని వెనక్కి తీసుకోను. కానీ వేయించరా. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

అక్క


మార్చి 13

అక్కా,

అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని కంగారుపడకు. చేతులు వణకడం కాదు. ఎందుకో ఆఖర్న చెప్తాను.

నువ్వు 6న రాసిన ఉత్తరం నిన్న మేం ఇల్లు తాళం వేస్తుంటే వచ్చింది. 9న రాసింది ఇవాళ వచ్చింది, అప్పటికే కథ అయిపోయింది. నువ్వూ నేనూ జీవితంలో ఒక్కసారి కూడా సమయానికి కలిసింది లేదు.

ఉత్తరం జేబులో పెట్టుకుని ఆరోగ్యకేంద్రానికి వెళ్ళాం. బెంచీ మీద వరసలో కూర్చుని విప్పాను. "నీ పరీక్ష తప్పురా" దగ్గరికి వచ్చేసరికి నా చెవులు వేడెక్కాయి. మెట్ల మీద దర్జీ దాకా చూపించానా ఆ ఉంగరాన్ని! లేచి బయటికి వచ్చేశాను. సైకిళ్ళు పెట్టేచోట నిలబడి నిన్ను బాగా తిట్టుకున్నాను. ఏం, ఒక్క వారం నోరు కట్టేసుకోలేకపోయావా?

అక్కడ నిలబడే మా వర్క్‌షాపు ఓనరు గుర్తొచ్చాడు. గాజు ఊదే పెద్దాయన చేతులు మొదట అదరడం మొదలైనప్పుడు, "ఏం కాదు, కిటికీలు తీసి పెట్టుకోండి చాలు" అన్నాడు. ఏం కాదు అన్న మాట నా జీవితంలో చాలామంది అన్నారు. వాళ్ళ పని జరగాలి కాబట్టి అన్నారు. నీ పని అప్పటికే జరిగిపోయింది. నేను ఒప్పుకున్నాను, తారీఖు కూడా పెట్టుకున్నాను. జరిగిన పని చెడిపోతుందని తెలిసి కూడా నువ్వు అందులో పాదరసం ఉందని రాశావు. అలాంటి మనిషి ప్రమాదం లేదంటే నేను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాను?

లోపలికి వచ్చి అమ్మాయి పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. ఉంగరం పనికిరాదమ్మా, అందులో పాదరసం ఉంది, అయినా పిల్లకి ఏం కాదని మీ అత్త అంటోంది, నేను నమ్ముతున్నాను, నీ ఇష్టం అన్నాను. అది చిట్టి టోపీ సర్దుతూ ఏమందో తెలుసా?

"నేను నీ ఉంగరాన్ని ఎప్పుడు చూశాను నాన్నా? నీ మొహం చూశాను. ఆ రోజు నీ భయం పోయింది, నాదీ పోయింది. ఇప్పుడు కూడా నీ మొహంలో భయం లేదు. పద, మన వంతు వచ్చింది."

వాళ్ళ నాన్న మొహం తప్ప ఇంకేం చూడని పిల్లని పెట్టుకుని, నేను ఎండలో ఉంగరం రుద్దాను.

గది గుమ్మం దగ్గరికి రాగానే నా చెయ్యి అలవాటుగా ఉంగరం మీదికి వెళ్ళింది. సగం దాకా తీసి, మళ్ళీ వెనక్కి తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆ నర్సమ్మే ఉంది. "ఇవాళ పరీక్ష లేదా తాతగారూ?" అంది. లేదన్నాను. చిట్టిని నా ఒళ్ళో పడుకోబెట్టారు. సూది దిగగానే అది పెట్టిన కేక మీ ఊరిదాకా వినబడే ఉండాలి. అల్లుడు గోడ వైపు తిరిగిపోయాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, రాస్తే తప్పేముంది.

రాత్రి కాస్త ఒళ్ళు వెచ్చబడింది, నర్సమ్మ ముందే చెప్పింది. నేను పాదరసం నింపిన థర్మామీటరే పెట్టి చూశాను. పొద్దునకి తగ్గిపోయింది, పాలు తాగింది, దర్జీ గొంతు విని నవ్వింది. రెండో సూదికి నువ్వూ బావగారూ రండి. బావగారితో చెప్పు, ఆయన నోరు మూసుకోమన్న రోజు నువ్వు మూసుకోనందుకు నేను సంతోషించానని. నీ మరదలు చేపల కూర వండి పెడతానంటోంది, ఈసారి ఏ పరీక్షా లేకుండా.

ఇక నా వంకర రాత సంగతి. నిన్న సూది దగ్గర ఏడుస్తూ చిట్టి నా కుడిచేతి ఉంగరం వేలు పట్టుకుంది. ఇవాళ ఉయ్యాల్లో పడుకోబెట్టినా మళ్ళీ అదే వెతుక్కుని పట్టుకుంది. ఉంగరంతో సహా గుప్పెట్లో బిగించి నిద్రపోతోంది. లాక్కుంటే లేస్తుంది. అందుకని ఎడమచేత్తో రాస్తున్నాను.

నీ తమ్ముడు